వార్డులో ఒక నాటకం ఆడనివ్వండి

విజయవాడ డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్ కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయాల గౌరవ ఉపకులపతులకు,



రెండు తెలుగు రాష్ట్రాల్లో డాక్టరో నర్సో ఫిజియోథెరపిస్టో కావాలనుకున్న పిల్లల్లో ఎక్కువమంది మీ పరీక్షలు రాసే బయటికి వస్తారు. వాళ్ల చదువులో ఒక పాఠం చేర్చమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. డిమెన్షియాతో బతుకుతున్న మనిషి దగ్గర ఎలా నిలబడాలి, ఏ గొంతుతో పలకరించాలి, జవాబు కోసం ఎంతసేపు ఆగాలి అన్నది వాళ్లకు నాటకంతో నేర్పించండి. స్లైడ్లూ వీడియోలూ ఇప్పటికే ఉన్నాయి. నేను అడుగుతున్నది ప్రేక్షకులకు నాలుగడుగుల దూరంలో నటులు ఆడే నాటకం. ఆట అయ్యాక ఆ ప్రేక్షకులే లేచి వచ్చి అందులో పాత్ర తీసుకోగలిగే నాటకం.

నేను రంగస్థలం మీద పనిచేసేదాన్ని. ఇంట్లో డిమెన్షియా వచ్చిన మా అత్తగారిని చూసుకున్నదాన్ని కూడా. ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎంత దగ్గరివో ఆసుపత్రి వార్డులోనే నాకు తెలిసింది. అందుకే మీకు రాసే చనువు తీసుకుంటున్నాను.

ముందు ఒక లెక్క మీ ముందు పెడతాను. అల్జీమర్స్ డిసీజ్ ఇంటర్నేషనల్ అనే సమాఖ్య 2019లో 155 దేశాల్లో దాదాపు 70 వేల మందిని డిమెన్షియా గురించి ఏమనుకుంటున్నారని అడిగింది. అది ముసలితనంలో అందరికీ వచ్చేదేనని వైద్య వృత్తిలో ఉన్నవాళ్లలోనే 62 శాతం చెప్పారు. 2024లో మళ్లీ అడిగితే వైద్య, సంరక్షణ రంగాల వాళ్లలో అలా అన్నవాళ్లు 65 శాతం. మధ్యలో ఐదేళ్లపాటు ప్రపంచమంతా అవగాహన సదస్సులు జరిగాయి, కరపత్రాలు పంచారు, ర్యాలీలు తీశారు. ఆ నమ్మకం మాత్రం తగ్గలేదు.

ఈ నమ్మకం తప్పని వైద్యవిద్యార్థికి తెలియక కాదు. డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్ జబ్బును 1906లో అలోయిస్ అల్జీమర్ మొదటిసారి వివరించినప్పుడు ఆయన చెప్పింది 51 ఏళ్ల వయసులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన ఒక స్త్రీ గురించి. మెదడుకు వచ్చే జబ్బు అది, వయసు పేరు కాదు. ఈ సంగతి పుస్తకంలో ఉంది, పరీక్షలో వస్తుంది, విద్యార్థి రాస్తాడు, మార్కులు పడతాయి. అదే విద్యార్థి హౌస్‌సర్జన్ అయ్యాక, డెబ్బై ఏళ్లావిడ దారి తప్పి తిరుగుతోందని కొడుకు తీసుకొస్తే, 'పెద్ద వయసు కదండీ, మామూలే' అంటాడు. ఆ ఒక్క మాటతో చాలా తలుపులు మూసుకుపోతాయి. థైరాయిడ్ చూడరు. బి12 లోపమేమో చూడరు. కింద పడి తలలో రక్తం గడ్డకట్టిందేమో, దిగులు జబ్బేమో ఆలోచించరు. మందుతో నయమయ్యే కారణాలు కూడా వయసు ఖాతాలో పడిపోతాయి. నిజంగా డిమెన్షియానే అయినా, ఇక చేసేదేమీ లేదన్న మాట కుటుంబం చెవిలో పడుతుంది. చేయవలసింది అప్పుడే మొదలవుతుందని చెప్పేవాళ్లుండరు.

మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. 2036 నాటికి ఆ సంఖ్య కోటి 69 లక్షలకు చేరవచ్చని కూడా చెప్పింది. ఈ ఏడు మీ కాలేజీల్లో చేరుతున్న పిల్లలు అప్పటికి వార్డులు నడుపుతూ ఉంటారు.

చెప్పినా, చదివినా, పరీక్ష రాసినా ఈ నమ్మకం ఎందుకు కదలడం లేదు? దీనికి జవాబు నాకు టామ్ కిట్‌వుడ్ రాతల్లో దొరికింది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కిట్‌వుడ్ 1997లో 'డిమెన్షియా రీకన్సిడర్డ్' ప్రచురించారు. డిమెన్షియా ఉన్న మనిషిని జబ్బు ఒక్కటే కుంగదీయదనీ, చుట్టూ ఉన్నవాళ్ల తీరు కూడా కుంగదీస్తుందనీ ఆయన వాదన. ఆ తీరుకు పెద్ద జాబితానే ఇచ్చారు. పెద్దమనిషిని పసిపిల్లలా ముద్దుచేయడం, ఎదురుగా ఉన్నా లేనట్టే ఆమె గురించి పక్కవాళ్లతో మాట్లాడడం, ఆమె భయాన్ని ఉత్తదని కొట్టిపారేయడం, చేసుకోగలిగిన పనిని కూడా చేతిలోంచి లాక్కోవడం, అందుకోలేనంత వేగంగా ప్రశ్నలు వేయడం, మింగేలోపే ఇంకో ముద్ద పెట్టడం. ఇవన్నీ చేసేవాళ్లు దుర్మార్గులు కారనీ, చాలావరకు మంచి మనసుతోనే పనిచేస్తారనీ, వాళ్లు పనిచేసే చోట పాతుకుపోయిన పద్ధతే అలాంటిదనీ కిట్‌వుడ్ గట్టిగా చెప్పారు.

ఈ జాబితాను నాటకం మనిషిగా చదివితే నాకు తట్టింది ఇది. ఇందులో ఉన్నవన్నీ చేష్టలు. వేగం, గొంతు, చూపు ఎటు పడుతోంది, మనిషికి ఎంత దూరంలో నిలబడ్డాం, కూర్చున్నామా, పైనుంచి వంగామా అన్నవే. రిహార్సల్లో మేం రోజంతా దిద్దుకునేవీ ఇవే. తాను ఇలా చేస్తున్నానని చేసే మనిషికి తెలియదు, ఎందుకంటే ఎవరి గొంతు వాళ్లకు వినిపించదు, ఎవరి వంగుడు వాళ్లకు కనిపించదు. 'రోగిని గౌరవంగా చూడండి' అని స్లైడు మీద రాస్తే ప్రతి నర్సూ తల ఊపుతుంది, తాను గౌరవంగానే చూస్తున్నాననుకుంటుంది కాబట్టి. అదే నర్సు వేదిక మీద లైటు కింద తనలాంటి యూనిఫాం వేసుకున్న ఒకావిడ తనలాగే 'ఏం బంగారం, అన్నం తినలేదా?' అనడం, వెంటనే అవతలి ముసలావిడ ముఖం ముడుచుకోవడం, ఈ రెండూ ఒకేసారి చూసిందనుకోండి, ఆమెకు ఎవరూ ఏమీ విడమరిచి చెప్పక్కర్లేదు.

మా అత్తగారి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆమె సంక్షేమ హాస్టల్లో పిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి. డిమెన్షియా వచ్చిన కొన్నాళ్లకు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆసుపత్రిలో చేర్చాం. తెల్లవారుజామున మూడున్నరకల్లా ఆమె లేచి మంచం దిగబోయేది. 'పాలు పొంగుతున్నయి, పిల్లలు లేస్తరు' అని ఒకటే ఆదుర్దా. నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చి, 'అమ్మా, ఇది ఆసుపత్రి, మీ కాలు విరిగింది, ఇక్కడ పాలూ లేవు పిల్లలూ లేరు, పడుకోండి' అనేది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ పిల్లలు లేరన్న మాట విన్నాక ఆమె ఇంకా బెదిరిపోయి అరిచేది. మళ్లీ పడితే ప్రమాదమని చేతులు గాజుగుడ్డతో మంచం కమ్మీలకు కట్టారు. సహకరించడం లేదని కేస్‌షీటులో రాశారు. ఆ సిస్టర్ మీద నాకు కోపం లేదు. వార్డంతా ఆమె ఒక్కతే చూసుకోవాలి, ఈ మనిషి పడిపోతే జవాబు చెప్పాల్సిందీ ఆమే.

మరో రాత్రి ఆ వార్డు ఆయమ్మ వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, మా అత్తగారి ముఖానికి తన ముఖం సమంగా పెట్టి, 'పొయ్యి కాడ నేనున్న పెద్దమ్మా. పాలు దించిన. పిల్లలకు నేను పోస్త. నువ్వు జర నడుం వాల్చు' అంది. మా అత్తగారు కాసేపు ఆమెనే చూసి, 'చక్కెర జర తక్కువెయ్యి' అని కళ్లు మూసుకుంది. ఆ రాత్రి గాజుగుడ్డతో పని పడలేదు.

ఆశువుగా నటించడంలో మొదట నేర్పే సూత్రం ఒకటుంది. ఎదుటి నటుడు ఏ లోకాన్ని తెచ్చి ముందు పెడితే దాన్ని కాదనకుండా అందుకుని ముందుకు నడపాలి. ఆ ఆయమ్మ చేసింది అదే. ఆమెకు అది ఎవరూ నేర్పలేదు. ఆమె పేరు ఏ శిక్షణ జాబితాలోనూ ఉండదు. ఆమె చేసింది రోగితో అబద్ధమాడడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే అది. పొంగుతున్న పాలు లేవన్నది నిజం, పిల్లలు ఆకలితో లేస్తారన్న ఆమె ఆరాటమూ నిజమే. ఈ రెండు నిజాల్లో ఆ క్షణాన దేనికి జవాబివ్వాలో ఒక పేరాలో రాసి ఇచ్చే నియమం లేదు. మనిషిని బట్టి, క్షణాన్ని బట్టి తేల్చుకోవాలి. అలాంటి తేల్చుకోవడాన్ని సాధన చేయడానికి రంగస్థలం కంటే క్షేమమైన చోటు నాకు తెలియదు. అక్కడ తప్పు చేస్తే ఏ ముసలమ్మకూ దెబ్బ తగలదు.

నేను అడుగుతున్నది ఎక్కడా జరగనిది కాదు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, జస్టిన్ ష్నైడర్ ఆధ్వర్యంలో, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల డిమెన్షియా వార్డుల్లో హెల్త్‌కేర్ అసిస్టెంట్లుగా స్వయంగా పనిచేస్తూ చూసింది చూసినట్టు రాసుకున్నారు. మన లెక్కలో అది ఆయమ్మల, వార్డుబాయ్‌ల పనికి దగ్గరిది. ఆ నోట్సు ఆధారంగా తాన్యా మైయర్స్ 'ఇన్‌సైడ్ అవుట్ ఆఫ్ మైండ్' నాటకం రాసి దర్శకత్వం వహించారు. 2013లో నాటింగ్‌హామ్‌లోని లేక్‌సైడ్ థియేటర్లో ఆడారు, 2015లో ఇతర ఊళ్లకూ తీసుకెళ్లారు. సంరక్షణ సిబ్బందిని ప్రత్యేకంగా పిలిచి చూపించారు. రోగుల ఒళ్లు తుడిచి, పక్కబట్టలు మార్చి, తిట్లు కూడా భరించే మనుషులు తమ పనిని వేదిక మీద చూసుకున్నారు. అందులో నన్ను ఆకట్టుకున్నది వాళ్లు ఎక్కడ మొదలుపెట్టారన్నది. వార్డులో అన్నిటికంటే తక్కువ జీతానికి పనిచేసేవాళ్ల దగ్గర ఏ జ్ఞానం ఉందో అక్కడినుంచి మొదలుపెట్టారు.

కెనడాలో ఈ పని ఇంకా ముందే మొదలైంది. గెయిల్ మిచెల్, క్రిస్టీన్ జోనస్-సింప్సన్ అనే నర్సింగ్ పరిశోధకులు డిమెన్షియా ఉన్నవాళ్లతో, వాళ్ల కుటుంబాలతో చేసిన అధ్యయనాల నుంచి, వ్రెనియా ఇవొనొఫ్‌స్కీ అనే రంగస్థల దర్శకురాలితో కలిసి 'ఐ యామ్ స్టిల్ హియర్' నాటకాన్ని తయారుచేశారు. తర్వాత ఆ పరిశోధకులిద్దరికీ పియా కోంటోస్, షెర్రీ డుపుయీ అనే పరిశోధకులూ, జూలియా గ్రే అనే నాటకకర్తా తోడై, 'క్రాక్డ్: న్యూ లైట్ ఆన్ డిమెన్షియా' తెచ్చారు.

వీళ్లలో పియా కోంటోస్ చెప్పినదాన్ని మన ప్రతి నర్సింగ్ విద్యార్థికీ వినిపించాలని నాకనిపిస్తుంది. జ్ఞాపకం పోయినా మనిషి తానుగా ఉండడం పోదని, అది ఒంట్లో ఉంటుందని, నడకలో చేతి కదలికలో అలవాటులో ఉంటుందని ఆమె అంటారు. ఒక సంరక్షణ కేంద్రంలో తాను చూసిన స్త్రీ గురించి రాశారు. డిమెన్షియా బాగా ముదిరిన ఆ స్త్రీ మెడకు భోజనం ముందు, మీద ఒలకకుండా గుడ్డ కట్టారు. ఆమె దాని కిందికి చెయ్యి పోనిచ్చి, తన ముత్యాల దండను నలుగురికీ కనిపించేలా పైకి తీసి పెట్టుకుంది. గుడ్డ కట్టిన మనిషికి ఆమె ఒక పని మాత్రమే. ఆమెకు మాత్రం తాను నలుగురి ముందు కూర్చున్న మనిషి. పాఠంలో ఇది ఒక వాక్యం. నటి చేసి చూపిస్తే, మర్నాడు గుడ్డ కట్టబోయే చెయ్యి ఒక్క క్షణం ఆగి చూస్తుంది.

ఆ కోంటోస్, మిచెల్ బృందమే 2010లో ప్రచురించిన అధ్యయనంలో నాటకాన్ని సిబ్బంది శిక్షణలోకి నేరుగా తీసుకెళ్లింది. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు అది 12 వారాల కార్యక్రమం. ఈ 12 వారాలన్న సంగతిని మీరు గమనించాలని నా మనవి. ఒక్క మధ్యాహ్నం నాటకం చూసి కళ్లు తుడుచుకుంటే అలవాటు మారదు. చూడాలి, మాట్లాడుకోవాలి, వార్డుకు వెళ్లి చేయాలి, తిరిగొచ్చి మళ్లీ ఆడి చూసుకోవాలి.

మన దేశంలోనూ దారి వేసినవాళ్లున్నారు. బ్రెజిల్ దేశస్థుడు అగస్తో బోవాల్ రూపొందించిన ఫోరం థియేటర్‌లో కథ ఒక అన్యాయం దగ్గర ఆగిపోతుంది. మళ్లీ మొదటినుంచి ఆడతారు. ఈసారి ప్రేక్షకుల్లో ఎవరైనా ఆపమని చేయెత్తి, వేదిక ఎక్కి, ఆ పాత్ర స్థానంలో తానుండి వేరేగా చేసి చూపవచ్చు. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో జన సంస్కృతి బృందం దశాబ్దాలుగా ఈ పద్ధతిలో పనిచేస్తోంది. ఢిల్లీ యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో బోవాల్ పద్ధతిని వైద్యవిద్యార్థుల మధ్యకు తెచ్చారు. 2019లో ఎంబీబీఎస్‌కు కొత్త పాఠ్యప్రణాళిక వచ్చినప్పుడు వైఖరి, నైతికత, సంభాషణల కోసం ఎట్కామ్ అనే భాగాన్ని తప్పనిసరి చేశారు. కాబట్టి నేను అడుగుతున్నదానికి గంటలు కొత్తగా వెతకనక్కర్లేదు. ఉన్న గంటల్లోకి నాటకాన్ని రానిస్తే చాలు.

ఇక మన నేల సంగతి. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడిన నాటినుంచి తెలుగువాళ్లకు నాటకం ఉత్త కాలక్షేపం కాదు. ప్రజానాట్యమండలి పల్లెపల్లెకూ తిరిగి జనాన్ని ఆలోచింపజేసింది. కుటుంబ నియంత్రణకూ, పోలియో చుక్కలకూ, ఎయిడ్స్ ప్రచారానికీ ప్రభుత్వాలు బుర్రకథనూ వీధినాటకాన్నీ పిలిపించాయి. ఆ ఆటలన్నిటిలో ప్రేక్షకులు ఊరి జనం, చెప్పేది ఆరోగ్యశాఖ. ఆరోగ్యశాఖ మనుషులే ప్రేక్షకులుగా కూర్చుని, తమ తీరు తామే చూసుకునే ఆట మనకు బాకీ ఉంది. మీ రెండు విశ్వవిద్యాలయాల్లో ఒకదానికి నటుడి పేరు, ఇంకొకదానికి ప్రజాకవి పేరు పెట్టుకున్నాం. కళకు ఈ గడపల్లో చోటు అడగడానికి నాకు సంకోచం లేదు.

హైదరాబాదు డిమెన్షియా శాస్త్రానికి ఇప్పటికే ఒక పెద్ద విషయం ఇచ్చింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా లక్షణాలు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనబడ్డాయి, చదువురానివాళ్లలో కూడా. తెలుగూ ఉర్దూ హిందీ కలగలిసిన మన వీధుల మాట నుంచి ప్రపంచం నేర్చుకున్న సంగతి ఇది. జబ్బు ఎప్పుడు కనబడుతుందో తెలుసుకోవడానికి మనవాళ్లు అంత తోడ్పడ్డారు. కనబడ్డాక రోగులను ఎలా చూసుకోవాలో నేర్పే పనిలోనూ మనం ముందుండాలి.

మీరు ఏం చేయాలని కోరుతున్నానో వివరంగా చెబుతాను.

మొదట, చెరొక బోధనాసుపత్రిని ఎంచుకోండి. అక్కడి జనరల్ మెడిసిన్, ఆర్థో వార్డుల్లో, వృద్ధుల వార్డు ఉంటే అందులో, నర్సింగ్ అధ్యాపకులూ రంగస్థల విద్యార్థులూ కలిసి కొన్నాళ్లు కూర్చుని గమనించాలి. ఎథిక్స్ కమిటీ అనుమతితో, కుటుంబాల అంగీకారంతో, ఎవరి పేర్లూ ఆనవాళ్లూ బయటపడకుండా. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖలున్నాయి. వాటితో ఒప్పందం కుదుర్చుకోవడం మీకు పెద్ద పని కాదు. నాటకం ఎవరి ఊహలోంచో రాకూడదు, మన వార్డుల్లోంచి రావాలి. పరాయి నాటకాన్ని తెలుగు చేసి ఆడితే మన ఆసుపత్రి అందులో ఉండదు. రాత్రి వరండాలో చాప మీద పడుకున్న కోడలు ఉండదు, విజిటింగ్ టైం అయిపోయిందని అరిచే సెక్యూరిటీ మనిషి ఉండడు, అటెండెంట్ ఏడీ అని కేక వేసే గొంతూ ఉండదు.

తర్వాత, అరగంటకు మించని నాటకం రాయించండి. ఆ తర్వాత గంటసేపు ఫోరం జరగాలి. భాష వార్డుల్లో వినబడే భాషే కావాలి. శ్రీకాకుళంలో ఆడేది శ్రీకాకుళం మాటలో, కర్నూలులో ఆడేది కర్నూలు మాటలో, హైదరాబాదులో ఉర్దూ కూడా కలుపుకుని. డిమెన్షియా ఉన్న పాత్రను నవ్వులపాలు చేయకూడదు, జాలికి బొమ్మనూ చేయకూడదు. మన వేదికల మీద మతిమరుపు తాతను నవ్వించడానికే ఎక్కువగా వాడుకున్నాం. అందుకే తొలిదశలో ఉండి తమ మాట తాము చెప్పగలిగే రోగులనూ, చూసుకునే కుటుంబాలనూ రిహార్సల్స్‌కు పిలిచి, వాళ్లు కాదన్నది తీసేయాలి.

చూసేవాళ్లు ఎవరన్నది కూడా ముఖ్యమే. విద్యార్థులతో సరిపెట్టకండి. ప్రొఫెసర్లు, పీజీలు, స్టాఫ్ నర్సులు, ఆయమ్మలు, వార్డుబాయ్‌లు, ఎక్స్‌రేకి తోసుకెళ్లే మనుషులు, గేటు దగ్గరి సెక్యూరిటీ అందరూ రావాలి. డిమెన్షియా ఉన్న మనిషికి ఆసుపత్రి అంటే ఈ అందరూ. అయితే సూపరింటెండెంటు ముందు ఆయమ్మ నోరు విప్పదు. అందుకని మొదటి ఆటలు ఎవరికి వాళ్లకు విడిగా ఆడి, నమ్మకం కుదిరాకే కలిపి ఆడాలి. ఆ రోజు ఆయమ్మ వేదిక ఎక్కి తాను ఎలా చేస్తుందో చూపిస్తే, ప్రొఫెసర్ కింద కూర్చుని నేర్చుకోవాలి.

చివరగా, ఫలితాన్ని ఫీడ్‌బ్యాక్ ఫారంతో కొలవకండి. నాటకం బాగుందని అందరూ రాస్తారు. వార్డులో కొలవండి. ఎంతమంది ముసలివాళ్ల చేతులు కట్టారు, ఎంతమందికి మత్తు ఇచ్చారు, అరుస్తున్న మనిషికి నొప్పి ఉందా, మూత్రం ఆగిందా, మలబద్ధకమా, ఇన్ఫెక్షనా అని ముందు ఎంతమందికి చూశారు అన్నవి నాటకానికి ముందూ తర్వాతా లెక్క కట్టండి. డిమెన్షియా ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్ మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. కాబట్టి తొందరపడి ఇచ్చే మత్తు మన సౌకర్యానికి ఆ రోగి చెల్లించే మూల్యం. ఆరు నెలలకు మళ్లీ కొలవండి. మార్పు నిలవకపోతే నాటకాన్ని మార్చండి, మళ్లీ ఆడండి.

అభ్యంతరాలు వస్తాయని తెలుసు. సిబ్బందే చాలనప్పుడు నాటకాలేమిటని అంటారు. సిబ్బంది చాలరన్నది నిజం, నేనే చూశాను. నర్సుల కొరతకు నాటకం మందు కాదు. కొరత వల్ల జరిగే తప్పులన్నీ నర్సు మంచితనం మీదికి తోసేయడానికి ఈ నాటకాన్ని వాడితే నేనే మొదట అడ్డుపడతాను. అలసిన నర్సు కాళ్ల నొప్పి, ఆమె భయం, ఆమెకు దొరకని నిద్ర కూడా ఆ నాటకంలో ఉండాలి. అలాంటి నాటకం చూసిన అధికారులు పోస్టుల ఫైలును ఇంకో చూపుతో తెరుస్తారని నా ఆశ. అయినా, కూర్చుని మాట్లాడిన ఆ ఆయమ్మకు పట్టిన సమయం చేతులు కట్టడానికి పట్టే సమయం కంటే ఎక్కువేమీ కాదు. అరుపులతో తెల్లవార్లూ గడిచే రాత్రి కంటే చాలా తక్కువ.

వీడియో తీసి అన్ని కాలేజీలకూ పంపితే ఖర్చు తగ్గుతుంది కదా అని కూడా అంటారు. వీడియో చూసేవాళ్ల చేతిలో ఫోన్ ఉంటుంది. ఎదురుగా నటి నిలబడి తమ కళ్లలోకి చూస్తూ 'నా పేరు ఒక్కసారి పిలవరా?' అన్నప్పుడు ఫోన్ చూడలేరు. పైగా వీడియోలోని నర్సును ఆపి, ఆమె చోట తాము నిలబడి ఇంకోలా చేసి చూపడం కుదరదు. ఫోరం లేకపోతే ఈ పాఠంలో సగం పోయినట్టే.

ఉపకులపతులారా, ఏటా సెప్టెంబరు 21న ప్రపంచ అల్జీమర్స్ దినం వస్తుంది. కాలేజీ గేటు నుంచి కూడలి దాకా బ్యానర్లతో నడుస్తాం, ఫొటోలు పేపర్లో వస్తాయి. వచ్చే సెప్టెంబరు 21కి బ్యానర్ పక్కన పెట్టి, మీ పరిధిలోని చెరొక బోధనాసుపత్రిలో తొలి ప్రదర్శనకు తేదీ ఖరారు చేయండి. ఒక పరిశీలన బృందం, ఒక నాటకం, ఒక ఫోరం, ఒక కొలత. దీనికి మీ అకడమిక్ కౌన్సిల్ తీర్మానం, ఒక ఉత్తర్వు కావాలి. నటులూ రచయితలూ మా వైపు ఉన్నారు, రెండు రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు, పని దొరక్క ఉన్నారు. వాళ్లను వార్డులోకి రానివ్వగలిగింది మీరే.

మీ విద్యార్థులు జబ్బు పేరు ఇప్పటికే సరిగ్గా రాస్తున్నారు. ఆ జబ్బుతో బతుకుతున్న మనిషి పక్కన సరిగ్గా కూర్చోవడం కూడా పట్టా చేతికిచ్చేలోపు వాళ్లకు నేర్పండి. ఈ లేఖకు మీ నుంచి అవుననో కాదనో జవాబు రావాలని కోరుతున్నాను. కాదంటే కారణం చెప్పండి, మళ్లీ వచ్చి మాట్లాడతాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక రంగస్థల దర్శకురాలు